లోపలి బెల్టు ఎప్పుడు మార్చారు

2025 మార్చి 4, మంగళవారం ఉదయం 5 గంటల 48 నిమిషాలకు రెబ్కా నడుపుతున్న కారు ఘాజీపూర్ పూలమండీ దాటాక ఆగింది. ముందు బ్యాటరీ దీపం వెలిగింది. తర్వాత స్టీరింగు బిగుసుకుంది. ఆమె కారును రోడ్డు అంచుకు తెచ్చి ఇంజను ఆపింది. పక్క సీటులో భర్త పౌలురాజు ఉన్నాడు.

పౌలురాజుకు యాభై తొమ్మిదేళ్లు. మంగళ, గురు, శనివారాల్లో ఘాజియాబాద్‌లోని ఒక ఆసుపత్రిలో డయాలసిస్ చేయించుకుంటాడు. ఆరున్నరకల్లా మెషీన్ దగ్గర ఉండాలి. రెబ్కా అదే ఆసుపత్రిలో నర్సు. ఆ రోజు ఆటో ఎక్కి ఆరు ఇరవై అయిదుకు చేరారు.

వెళ్లడానికి ఆటో చాలు. రావడమే కష్టం. డయాలసిస్ అయ్యాక అతని బీపీ పడిపోతుంది. సీటు వాల్చి పడుకోబెట్టాలి. వాంతి చేసుకుంటున్నాడని ఇద్దరు క్యాబ్ డ్రైవర్లు దారిలో దించేశారు. జనవరిలో ఆటోలో తిరిగి వస్తూ స్పృహ తప్పాడు. ఎడమ చేయి కడ్డీకి కొట్టుకుంది. డయాలసిస్ సూదులు గుచ్చేది ఆ చేతికే. రెండు రోజులు వార్డులో ఉంచారు. ఇంకోసారి దెబ్బ తగిలితే ఆ చేయి సూదులకు పనికిరాదని డాక్టరు చెప్పాడు. అప్పటి నుంచి తిరుగు ప్రయాణానికి రెబ్కా ఆటో గానీ క్యాబ్ గానీ పిలవలేదు.

పదకొండింటికి మెకానిక్ నవదీప్ కారు దగ్గరికి వచ్చాడు. త్రిలోక్‌పురిలో అతని షెడ్డు. తెగిన బెల్టు తీసి రెబ్కా చేతిలో పెట్టాడు. నిండా పగుళ్లు. కొత్తది వేసి, చేతులు తుడుచుకుని హిందీలో అడిగాడు.

"దీదీ, ఇది బయటిది. లోపల ఇంకోటి ఉంటుంది, టైమింగ్ బెల్టు. అది ఎప్పుడు మార్చారు?"

"తెలీదు భయ్యా."

"సర్వీసు పుస్తకం చూపించండి."

"లేదు."

"కారు కొన్నారా, రోడ్డు మీద దొరికిందా?"

రెబ్కా నవ్వలేదు. నవదీప్ వివరించాడు. ఈ కారుకు ఆ బెల్టు అరవై వేల కిలోమీటర్లకు గానీ అయిదేళ్లకు గానీ, ఏది ముందైతే దానికి మార్చాలి. పైపైన చూస్తే తెలియదు. నడుస్తుండగా తెగితే ఇంజను అక్కడే పోతుంది, కారు హైవే మధ్యలో ఆగుతుంది. మీటరు మీద 97,300 ఉంది.

"ఇవాళ నేను నడిపి ఇంట్లో దించుతాను. గురువారం తీసే ముందు మాత్రం కనుక్కోండి," అన్నాడు. ఆసుపత్రికి వెళ్లి పౌలురాజును వెనక పడుకోబెట్టి, నలభై దాటకుండా మయూర్ విహార్‌లో వాళ్ల ఇంటి దాకా నడిపాడు.

కారు 2012 నాటిది. దాన్ని 2022లో లెవి దగ్గర కొన్నారు. లెవి వాళ్ల తెలుగు సంఘంలో పెద్ద. ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరు బానెట్ మీద చేయి ఉంచి ప్రార్థన చేశాడు. తాళాలు చేతులు మారాయి. ఆర్సీ పేరు మార్పించుకున్నారు. సర్వీసు పుస్తకం పౌలురాజు అడగలేదు. సంఘ పెద్దను అలా అడిగితే నమ్మనట్టు ఉంటుందనుకున్నాడు.

బుధవారం సాయంత్రం రెబ్కా లెవికి ఫోన్ చేసింది.

"వందనాలక్కా."

"వందనాలు తమ్ముడూ. కారుకి టైమింగ్ బెల్టు నువ్వు మార్పించావా?"

"మార్చే ఉంటారక్కా."

"ఎవరు?"

"మేట్రన్ ఆంటీ. ఆవిడ దగ్గరే కదా నేను కొన్నది. అంత పద్ధతి గల మనిషి, మార్చకుండా ఉంటారా?"

"నువ్వు అడిగావా?"

"నేనా? ఆంటీనా? బెల్టు మార్చారా అని? బతకనిస్తారా అక్కా నన్ను?"

మేట్రన్ ఆంటీ అంటే కమలాకుమారి. ఆ కారు మొదట కొన్నది ఆమె. వయసు డెబ్భై ఏడు. ఆసుపత్రిలో నర్సులందరి మీద పెద్దగా చేసి, రిటైరై ఫరీదాబాద్‌లో ఉంటోంది. రెబ్కా ఆమె కింద పదకొండేళ్లు పనిచేసింది. ఫోన్ చేసే ముందు మంచినీళ్లు తాగింది.

"ఏమే, కారు అమ్మిన ఏడేళ్లకా అడిగేది?" అంది కమలాకుమారి. "లెవి అడగలేదా?"

"లేదాంటీ."

"మీరు లెవిని అడగలేదా?"

"లేదాంటీ."

"ఎందుకడగలేదు? కొరుకుతామా మేము?"

రెబ్కా ఫోన్ ఇంకో చెవికి మార్చుకుంది.

"సర్లే. పుస్తకం ఇల్లు మారినప్పుడు పోయింది. మా మెకానిక్ ఏం మార్చినా ఒక చీటీ అంటించేవాడు. కిలోమీటర్లు, తేదీ వేసి. డ్రైవరు తలుపు తీస్తే సీటు వెనక స్తంభం ఉంటుంది చూడు, దాని మీద. పో, చూడు."

ఆ స్తంభం మీద కనిపించేది బైబిలు వాగ్దాన వాక్యం స్టిక్కరు. ఏటా డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో సంఘం ఇంటికొకటి ఇస్తుంది. వాక్యం ఉన్న కాగితం చింపడానికి ఎవరికీ చేతులు రావు. కొత్త ఏటిది పాతదాని మీదే అంటిస్తారు. కారు కొన్నాక పౌలురాజు మూడు అంటించాడు. అంతకు ముందు లెవి నాలుగు అంటించాడు.

రెబ్కా సర్జికల్ స్పిరిట్, దూది, బ్లేడు తీసుకుని కిందికి వెళ్లింది. పౌలురాజు శాలువా కప్పుకుని వెనకే దిగాడు.

"వాగ్దానాలు పీకుతావా?"

"పీకట్లేదు. మీ చేతి మీద టేపు తీసినట్టే తీస్తున్నా."

"స్పిరిట్‌కి అక్షరాలు పోతాయి."

"పోతే దేవుడు మర్చిపోతాడా ఏంటి? లైటు ఇటు పట్టండి."

అతను ఫోన్ లైటు పట్టుకున్నాడు. ఆమె దూది తడిపి అంచు నాననిచ్చి ఒక్కొక్కటీ తీసింది. 2025. 2024. 2023. తీసినవాటిని అతను ప్లాస్టిక్ కవరులో వేసుకున్నాడు. 2019 స్టిక్కరు కింద పసుపు చీటీ ఉంది. బాల్ పెన్నుతో హిందీలో రాసింది. టైమింగ్ బెల్టు, 41,600, 14-8-2017.

"మార్చారు!" అన్నాడు పౌలురాజు. "చూశావా, మార్చారు. రేపు దీంట్లోనే పోదాం. ఇంకా నాలుగు వేలు తిరగొచ్చు."

"ఏళ్లు లెక్కపెట్టండి."

అతను వేళ్లు ముడిచి లెక్కపెట్టాడు. ఏడు దాటాక ఆపేశాడు.

"ఆంటీ మార్పించింది," అంది రెబ్కా. "ఆ తర్వాత లెవి మార్పించలేదు, మనం మార్పించలేదు."

చీటీ ఫొటో లెవికి పంపింది. పది నిమిషాలకు అతనే ఫోన్ చేశాడు. గురువారం తన కారులో తీసుకెళ్లి తీసుకొస్తానన్నాడు. శనివారం మాత్రం డ్యూటీ ఉంది, రాలేనన్నాడు. రెబ్కా నవదీప్‌కు ఫోన్ చేసి శుక్రవారం సాయంత్రానికి కారు కావాలని చెప్పింది. ఆ మోడల్ ఇప్పుడు తయారు కావడం లేదు, బెల్టు కశ్మీరీ గేట్ విడిభాగాల బజారులో వెతకాలి, ప్రయత్నిస్తానని అతను అన్నాడు.

గురువారం ఉదయం అయిదుంబావుకు లెవి వచ్చాడు. కారు హైవే ఎక్కింది.

"ఆంటీని అడిగి ఉండాల్సింది బావగారూ," అన్నాడు లెవి.

"నేను నిన్ను అడిగి ఉండాల్సింది."

"అడిగితే ఏం చెప్పేవాణ్ణి?"

"మార్చే ఉంటారని చెప్పేవాడివి."

వెనక సీటులో రెబ్కా నవ్వింది. ఆ రోజు మెషీన్ ఆరు ముప్ఫై అయిదుకు మొదలైంది. మధ్యాహ్నం లెవి వాళ్లను ఇంట్లో దించాడు.

నవదీప్ కారును తాడు కట్టి షెడ్డుకు లాక్కెళ్లాడు. అదే మధ్యాహ్నం అతను తెచ్చిన బెల్టు డీజిల్ కారుది, వీళ్లది పెట్రోలుది. శుక్రవారం పొద్దున్నే మళ్లీ వెళ్లాడు. సరైనది ఒంటిగంటకు దొరికింది. అప్పటికే ఇంజను ముందు భాగం విప్పి ఉంది. రెబ్కా అయిదింటికి షెడ్డుకు వెళ్లింది. నవదీప్ పాత బెల్టును తిరగేసి చూపించాడు. లోపలివైపు రెండు పళ్లు లేవు. మూడోది సగం ఊడి ఉంది.

"ఇంకెన్నాళ్లు వచ్చేది భయ్యా?"

"చెప్పలేను దీదీ. రెండు నెలలు రావచ్చు. పొద్దున గేటు దాటకపోవచ్చు."

ఏడింటికి ఇంజను స్టార్టు చేశాడు. ఇద్దరూ కారులో త్రిలోక్‌పురి చుట్టూ ఒకసారి తిరిగి వచ్చారు.

ఇంటికి వచ్చాక లెవి ఫోన్ చేశాడు. బెల్టు సంగతి అడిగి తెలుసుకున్నాడు.

"అక్కా, ఇప్పుడు నేను నడిపే కారు కూడా పాతదే. పాస్టరుగారి దగ్గర కొన్నాను."

"అడిగావా?"

"లేదు."

"ఎల్లుండి ఆదివారమేగా."

"ఆరాధన అయ్యాక అడగనా, ముందే అడగనా?"

"అయ్యాక అడుగు. ముందే అడిగితే ప్రసంగం నీ మీదే చెప్తారు."

శనివారం ఉదయం 5 గంటల 35 నిమిషాలకు రెబ్కా, పౌలురాజు బయలుదేరారు. 6 గంటల 15 నిమిషాలకు ఆసుపత్రి చేరారు. 6 గంటల 40 నిమిషాలకు మెషీన్ మొదలై, 10 గంటల 40 నిమిషాలకు ముగిసింది. పౌలురాజు బీపీ తొంభై, అరవై ఉంది. రెబ్కా సీటు వాల్చి అతన్ని పడుకోబెట్టి, ఎడమ చేయి కింద దిండు పెట్టింది. 11 గంటల 52 నిమిషాలకు కారు మయూర్ విహార్‌లో వాళ్ల మెట్ల ముందు ఆగింది.