సాక్ష్యం చెప్పిన నోరు

లింగంపేటలో బీడీలు చుట్టే సుకన్యకు ముందు ఆకలి పోయింది. రెండు ముద్దలకే కడుపు నిండేది. నిద్రలో రవిక తడిసేంత చెమట పట్టేది. మనిషి చిక్కి సగమైంది, ఎడమ డొక్కలో గట్టిగా గడ్డలాంటి బల్ల చేతికి తగిలింది. వాతలు పెట్టిద్దామన్నారు ఇరుగుపొరుగు. కామారెడ్డి డాక్టరమ్మ మాత్రం రక్తం పరీక్ష చేయించి, నెమ్మదిగా ముదిరే రక్త క్యాన్సరని తేల్చింది.

"భయపడకు. దినాం ఒక గోలీ, తిన్నంక మింగాలె. బాగైందని మాత్రం బంద్ వెట్టకు. బంద్ వెడితే రోగం తిరగవడ్తది" అంది.

అదే జబ్బు, అదే గోలీ ఎల్లారెడ్డి ఊరి ముత్తవ్వకూ ఉంది. ఇద్దరికీ పరిచయమైంది ఆస్పత్రి బెంచీ మీదే. ముత్తవ్వ వయసులో పెద్దది, మాట తీపి. సుకన్యకు సొంత అక్క దొరికినట్టయింది. ఆమె వెంటే చర్చికి వెళ్లడం కూడా మొదలుపెట్టింది.

గోలీలు పనిచేశాయి. బల్ల కరిగింది, సుకన్య చేతులు మళ్లీ చేటలో చకచకా ఆడాయి. అప్పుడే ఒక ఆదివారం ముత్తవ్వ సాక్ష్యం చెప్పడానికి లేచింది. దేవుడు చేసిన మేలును నలుగురి ముందు చెప్పుకోవడం అక్కడ ఆనవాయితీ. మైకు చేతికొస్తే నోటికి పగ్గాలుంటాయా?

"గోలీలు అవతల వారేసిన! నా ప్రభువే నన్ను ముట్టి బాగు చేసిండు!"

చప్పట్లు, హల్లెలూయలు. మందులు మానకండని పాస్టరు చివర్లో అన్నాడు గానీ ఆ హోరులో ఎవరికి వినపడింది? సుకన్యకు వినపడలేదు. వినాలనుకోలేదంటే ఇంకా నిజం. ఒళ్లు బాగుంది, గోలీ వేసుకుంటే కడుపులో తిప్పుతోంది, పైగా అక్కే చెప్పింది. మానేసింది.

బల్ల మళ్లీ వచ్చింది. ఈసారి ఆ గోలీ పట్టలేదు, బదులిచ్చిన ఇంకో గోలీ కూడా పట్టలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? ఇక ఎముకల్లోని మూలుగ మార్చడమే దారి అన్నారు. తోడబుట్టినవాళ్లలో కూడా నలుగురిలో ఒకరిదే పూర్తిగా కలుస్తుందట. ఆమెకున్నది ఒక్క తమ్ముడు సునీల్‌కుమార్, వాడిది సగమే కలిసింది. సగంతోనూ చేస్తారు, కానీ ఒళ్లు తట్టుకోకపోవచ్చు. చేయించుకోకపోతే ఈ ఏడు గడవడమే కష్టం. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

హైదరాబాద్ పంపేముందు కామారెడ్డిలో రక్తం ఎక్కిస్తుంటే ముత్తవ్వ చూడటానికి వచ్చింది. సద్ది విప్పి తనే తినిపించింది. సుకన్య రెండు ముద్దలకే చాలంది. మిగిలింది తాను తిని, అలవాటు చొప్పున ముత్తవ్వ కొంగుముడి విప్పి ఒక గోలీ తీసింది.

"అక్కా, గది మన గోలీయే గదా?"

ముత్తవ్వ గబుక్కున గుప్పిట మూసింది.

"నువ్వు బంద్ వెట్టలేదా?"

"ఒక్క దినం గుడ వెట్టలే బిడ్డా. అందరి ముందట గట్ల నోరు జారిన. మింగుతున్నా అని మళ్ల ఏ మొఖం వెట్టుకొని చెప్పాలె?"

"నీ లెక్కనే నేను గుడ వారేసినక్కా అని నీకు చెప్పిన గదా."

చెప్పింది. ఆ రోజు ముత్తవ్వ ఆమె తల నిమిరిందే తప్ప నోరు విప్పలేదు.

లేచి ఆమె జుట్టు పట్టుకోవాలనిపించింది సుకన్యకు. చేతికి సూది ఉంది, ఒంట్లో సత్తువ లేదు. రెండో చేత్తో నీళ్ల సీసా ముందుకు తోసింది.

"మింగు. నువ్వన్న బతుకు."

ముత్తవ్వ మింగింది.

"ఈ ఐతారం చర్చిల లేచి ఈ సంగతి చెప్పు. నా లెక్క ఇంకెవలన్న ఉన్నరేమో. నేను పోయినంక కాదు, ఈ ఐతారమే."

ముత్తవ్వ బావురుమంది. ఏడుస్తూనే, మిగిలిన గోలీలను ఎవరూ చూడకుండా మళ్లీ కొంగులో ముడి వేసుకుంది.