బిరడా

మా పడవకి వెనక వైపు, అడుగున, బొటనవేలు పట్టేంత రంధ్రం ఒకటి ఉంది. పడవ గట్టు మీద ఉన్నప్పుడు లోపల చేరిన వాననీళ్లు పోవడానికి. సముద్రంలోకి దించే ముందు దానికి ఇత్తడి బిరడా బిగించాలి. ఆ బిగించడం మా ఇంట్లో నా పని. ఎవరూ కూర్చోబెట్టి అప్పగించింది కాదు. పెళ్లయిన కొత్తలో మామగారు నెవిల్ తన పాత పడవని మా ఆయన హేమిష్‌కి ఇచ్చేస్తూ, "నీళ్లలో ఉన్నంతసేపూ అది వీడిది, గట్టెక్కాక నీది, రోవెనా" అని నా భుజం తట్టారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆయన సరదాకి అనలేదని మొదటి వేసవి పూర్తయ్యేసరికి తెలిసొచ్చింది.

సముద్రం నుంచి రాగానే హేమిష్ బీరు సీసా తెరుస్తాడు. నేను తోట గొట్టం తెచ్చి ఇంజనుకి తగిలించి ఉప్పు పోయేలా కడుగుతాను. తర్వాత పడవ కడుగుతాను, చేప పొలుసులు గోకుతాను, లైఫ్ జాకెట్లు పిండి తీగ మీద ఆరేస్తాను. కారు వెనక సీట్లో కారిన ఎర నీళ్ల వాసన ఎన్నిసార్లు తుడిచినా పోదు. సోమవారం పొద్దున నేను పనిచేసే పళ్ల క్లినిక్‌కి వెళ్లి నా బల్ల దగ్గర కూర్చోగానే డాక్టరమ్మ లేచి కిటికీ తెరుస్తుంది. తెరిచి, నా వైపు చూసి సన్నగా నవ్వుతుంది. నేను చేతులు బల్ల కింద పెట్టుకుంటాను. అలాగని నాకు పడవంటే పడదనుకోకండి. అదే అయితే ఎప్పుడో తెగేసి చెప్పేదాన్ని. నాకు పడవంటే ప్రాణం, వచ్చిన చిక్కంతా అదే.

మొన్న చలికాలం పోయాక వచ్చిన లేబర్ వీకెండ్ సెలవులకి ఈ ఏటి మొదటి ప్రయాణం పెట్టుకున్నాం. శుక్రవారం సాయంత్రమే నేను బిరడా బిగించాను. రాత్రి వాన దంచికొట్టింది. పొద్దున నేను వంటింట్లో గుడ్డు, బేకన్ పెట్టి కాల్చిన 'పై' రొట్టె చల్లారబెడుతుంటే, పక్కన మా అమ్మాయి ఇమీ బ్రెడ్డుకి వెన్న రాస్తోంది. పదమూడేళ్ల పిల్ల, చేపలంటే దానికి పిచ్చి. కిటికీలోంచి హేమిష్ కనిపించాడు. పడవ వెనకాల వంగి, బిరడా తీసి నీళ్లు వదిలేస్తున్నాడు. తీసిన బిరడా నిక్కరు జేబులో వేసుకోవడం మేమిద్దరం చూశాం. బయల్దేరేటప్పుడు నేను మెల్లగా, "మళ్లీ బిగించావా?" అన్నాను. "నడక రాకముందు నుంచీ పడవల్లో ఉన్నాను రో, నాకు నేర్పుతావా?" అన్నాడు. నేను కారెక్కి కూర్చున్నాను. దిగి ఒక్కసారి వంగి చూసుకుంటే సరిపోయేది. దిగితే మళ్లీ ఇంకో మాట పడాలని ఊరుకున్నాను.

సెలవురోజు పారువా బే రేవు దగ్గర ఎంత జనం ఉంటారో తెలిసిందే. పడవలు కట్టిన కార్లు రోడ్డు దాకా వరుసకట్టాయి. మా వంతు వచ్చింది. హేమిష్, ఇమీ పడవలో ఉన్నారు. కారుకి తగిలించిన పడవ బండిని, ట్రైలర్‌ని, వెనక్కి నడిపి నీళ్లలోకి దించాల్సింది నేను. "ఎడమకి, ఎడమకి, అయ్యో నీ ఎడమకి కాదు" అని హేమిష్ పైనుంచి కేకలు. రేవులో ఉన్నవాళ్లకి అది రోజూ ఉండే వినోదమే, ఏ పెళ్లాం వెనక్కి నడుపుతున్నా జనం కాఫీ చప్పరిస్తూ చూస్తారు. అయినా సాఫీగానే దించాను. పడవ తేలింది. కారు పైకి తీసి ఇంకా ఆపనే లేదు, వెనక నుంచి అరుపు వినబడింది.

"రో! బిరడా బిగించలేదా నువ్వు?"

రేవంతా తల తిప్పి చూసింది. పడవ వెనక భాగం అప్పటికే కిందికి దిగుతోంది. వరుసలో ఉన్నవాళ్లు గొణుక్కుంటూ దారి ఇచ్చారు. మళ్లీ ట్రైలర్ దించి, తొడల దాకా ఆ చన్నీళ్లలోకి దిగి, పడవ ముక్కుకి కొక్కెం తగిలించాను. తలెత్తితే హేమిష్ పడవలో పాదాలు మునిగేంత నీళ్లలో నిలబడి ఉన్నాడు. అతని చెయ్యి నిక్కరు జేబులోకి వెళ్లింది. వెళ్లి, అక్కడే ఆగిపోయింది. బిరడా చేతికి తగిలిందని నాకు తెలిసింది, నాకు తెలిసిందని అతనికీ తెలిసింది. చెయ్యి బయటికి రాలేదు. ముఖం మాత్రం ఎర్రబడింది. అలా ఎర్రబడిన రోజున ఏం జరుగుతుందో నాకు బాగా తెలుసు. అరవడు, కొట్టడు, అలాంటి మనిషి కాదు. సాయంత్రం దాకా పలకడు. అంత చిన్న పడవలో అలిగిన మగవాడి నుంచి దూరంగా జరగడానికి చోటుండదు. మా అత్తగారు నోలీన్ ఒకసారి పాత్రలు తుడుస్తూ అంది, పడవలో ఏం జరిగినా నాదే తప్పు అనేస్తానమ్మా, భోజనమైనా ప్రశాంతంగా అవుతుంది అని. అప్పుడు ఆవిడ్ని చూసి జాలిపడ్డాను.

"నాదే తప్పు!" అన్నాను, రేవంతా వినేలా. "మర్చేపోయాను, ఏమనుకోకండి." అని నవ్వాను కూడా. చిన్న నవ్వు, ముక్కులోంచి, నా తెలివితక్కువతనం నాకూ వింతే అన్నట్టు.

జనం తేలికపడ్డారు. ఇద్దరు ముగ్గురు వచ్చి పడవని పైకి లాగడానికి చెయ్యి వేశారు. తర్వాతి కారులోని ఒకావిడ మాత్రం నవ్వకుండా, మొహం తిప్పేసుకుంది. తనకీ అనుభవమైనదాన్ని చూడలేక తిప్పుకున్నట్టుంది. హేమిష్ కారులో వెతుకుతున్నట్టు వెతికి, బిరడా తెచ్చి నా చేతిలో పెట్టాడు. "సీటు కింద పడేశావు, చూడు." ఇత్తడి వెచ్చగా ఉంది. "థాంక్స్, హేమిష్" అన్నాను. థాంక్స్ అని ఎందుకన్నానో ఇప్పటికీ తలచుకుంటే తల కొట్టేసినట్టవుతుంది. అతను అక్కడి మగవాళ్లతో గాలివాటం గురించి మాట్లాడుతుంటే, నేను తడి సిమెంటు మీద వెల్లకిలా పడుకుని బిరడా బిగించాను. ఇమీ పడవలో కూర్చుని నన్నే చూస్తోంది.

నేను చెల్లించిన దానికి మంచి రోజే దక్కింది, అబద్ధమెందుకు. హేమిష్ కులాసాగా ఉన్నాడు. తీరం దాటి ఇంజను ఆపేసరికి ఆ నిశ్శబ్దం ఎప్పటిలాగే వచ్చి మీద వాలింది. గానెట్ పక్షులు రెక్కలు ముడుచుకుని పైనుంచి నీళ్లలోకి పడుతున్నాయి. 'పై' ముక్కలు తింటూ, కాళ్లు చాపుకుని, ముగ్గురం ఒకే థర్మాస్‌లో టీ తాగాం. నా ఒంటి మీద ఎండ, నా భుజానికి ఆనుకున్న ఇమీ జుట్టులో ఉప్పువాసన. ఇందుకే కదా ఏళ్ల తరబడి పొలుసులు గోకుతున్నాను అనుకున్నాను. ఇలాంటి రోజుకి ఒక చిన్న అబద్ధం పెద్ద ఖరీదేం కాదని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

అప్పుడు ఇమీ గాలం వంగింది. పెద్ద స్నాపర్ చేప. పిల్ల పళ్లు బిగించి, వదలకుండా, చాలాసేపు ఓపిగ్గా లాగింది. చేప ఎర్రగా నీళ్ల పైకి తేలింది, ఇమీ తన బతుకులో అంత చేప పట్టలేదు. హేమిష్ ఆత్రంగా ముందుకి వంగి చేతివల దూర్చాడు. వల అంచు బిగిసి ఉన్న దారానికి కొట్టుకుంది. దారం తెగింది. చేప ఒక్కసారి పక్కకి తిరిగి లోపలికి వెళ్లిపోయింది.

"గాలం ఎత్తి పట్టుకోమన్నాను కదా, ఇమీ" అన్నాడు హేమిష్.

పిల్ల గాలం ఎత్తే పట్టుకుంది. నేను చూశాను. అది వాళ్ల నాన్న ముఖంలోకి ఒక్క క్షణం చూసింది. చూసి, "నాదే తప్పు నాన్నా, సారీ" అంది. అని నవ్వింది. చిన్న నవ్వు, ముక్కులోంచి.

నా నవ్వు అది. ఇన్నాళ్లూ బయటినుంచి ఎప్పుడూ వినలేదు. పొద్దున రేవులో అంతమంది ముందు పడని సిగ్గు అప్పుడు పడ్డాను. పిల్లకి ఈత నేర్పించాను, ముడులు వెయ్యడం నేర్పించాను, ఎక్కడా ఎవరికీ తలవంచకు అని చెప్పుకుంటూ వచ్చాను. అది నేర్చుకున్నది మాత్రం ఇది. ఒక్క పూటలో, ఒక్కసారి చూసి. కాదు, ఒక్కసారేమిటి, పుట్టినప్పటి నుంచీ చూస్తూనే ఉంది. 'పై' ముక్క నోట్లో సున్నంలా తగిలింది. తిరుగు ప్రయాణంలో ఇద్దరి ముఖాలూ చూడలేక తాడు చుడుతూ కూర్చున్నాను.

సాయంత్రం మామగారింట్లో భోజనం. వేరే చేపలు కొన్ని పడ్డాయి, అవే వేయించాం. బల్ల దగ్గర కూర్చోగానే హేమిష్ రేవు కథ ఎత్తుకున్నాడు. పడవ మునిగినంత పని చేశాడు కథలో. నెవిల్‌కి నవ్వాగలేదు. "గట్టు మీద నీదన్నానుగా అమ్మాయ్, ముంచేస్తే ఎలా?" అన్నారు. నోలీన్ చిన్నగా, ముక్కులోంచి నవ్వి, "పోనిద్దురూ, పనుల్లో పడి మర్చిపోయుంటుంది" అంది. ఆవిడకి నా మీద ప్రేమే. తర్వాత హేమిష్ ఇమీ చేప దగ్గరికి వచ్చాడు. "వీళ్లమ్మ పోలికే, చేతిలోకి వచ్చినదాన్ని జారవిడుచుకుంది." ఇమీ తల వంచుకుని బంగాళాదుంప ముక్కని పళ్లెంలో అటూ ఇటూ జరుపుతోంది. దాని పెదవులు నవ్వడానికి సిద్ధమవుతున్నాయి.

"పొద్దున నేను అబద్ధం చెప్పాను" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "బిరడా హేమిష్ జేబులో ఉంది. తీసింది కూడా తనే. నేను చూశాను. చూసి కూడా నాదే తప్పన్నాను."

నెవిల్ ఫోర్కు ఆగిపోయింది. హేమిష్ ముఖం ఎర్రబడింది. "ఇప్పుడు ఇక్కడ ఇదెందుకు, రో?"

"ఆ చేప గురించి కూడా చెప్పాలి కనక. ఇమీ పోగొట్టలేదు. నీ వల తగిలి దారం తెగింది."

నోలీన్ కాసేపు తన పళ్లెంలోకి చూసుకుని, వేయించిన చేపల పళ్లెం ఇమీ దగ్గరికి జరిపింది. సర్దుబాటు చేసే ఆ చిన్న నవ్వు నా గొంతు దాకా వచ్చింది. మింగేశాను. ఇమీ తలెత్తి నా వైపు చూసింది. మెచ్చుకుంటుందనుకున్నాను కాబోలు. మెచ్చుకోలేదు, కోప్పడలేదు.

"నాన్న బిరడా జేబులో వేసుకోవడం నువ్వు చూశావని నాకు పొద్దునే తెలుసమ్మా" అంది. "ఎప్పుడు చెప్తావా అని చూస్తున్నాను."