మూడో అంకంలో రెండు మాటలు

రంగస్థలం అంచున, చెక్క గూట్లో, నడుము దాకా నేలలోకి దిగి కూర్చునేది ఎర్సీలియా. ప్రేక్షకులకు ఆమె కనపడదు; గాయకులకు ఆమె పెదవులు కనపడితే చాలు. ప్రతి చరణానికీ మొదటి మాటను ఒక్క ఊపిరి ముందుగా అందించడం ఆమె పని. ఆమె తండ్రి చేసిన పనీ అదే.

ఆ తండ్రి పేరు ఒక్క ఒపేరాతో పోయింది. ఇటలీలో, పో నది మీద పడవ నడిపే ఒక తల్లి కథ అది. పాత నాటకం ఒకదాన్ని ఈ ఊరి సంగీతకారుడే ఒపేరాగా కట్టాడు. ముప్పయ్యేళ్ళ కిందట ఒక్కసారే ఆడారు. మూడో అంకంలో నాయిక ఆగిపోయింది. పై గ్యాలరీ జనం ఎగతాళిగా ఈలలు వేసి తెర దింపించారు. అందించేవాడు నిద్రపోయాడన్నారు. ఆయన పోయేదాకా అదే అన్నారు.

ఈ ఆదివారం మధ్యాహ్నం మళ్ళీ అదే ఒపేరా. మలుగు చేపలమ్మే తద్దేయో, ఆనాడు మొదటి ఈల వేసినవాడు, థియేటర్ వాకిట్లో ఆమెను ఆపాడు.

"ఏమ్మా, కాఫీ తాగే వచ్చావా? గూట్లో మీ నాన్న దిండు ఇంకా ఉందేమో చూసుకో."

"ఉంది బాబాయ్, నీకోసమే దాచాను. మూడో అంకం దాకా నువ్వు మేలుకుంటే కదా ఈల వేసేది."

"వేస్తాలే. పళ్ళు పోయాయి గానీ ఈల పోలేదు."

ఆమె నవ్వింది, చంకలో ఉన్న, తండ్రి వాడిన ఒపేరా పుస్తకం మాత్రం బరువెక్కింది. రిహార్సల్స్‌లో నాయిక ఫోస్కా కూడా అక్కడే తడబడింది. కథలో ఆ తల్లి కొడుకును చంపినవాడు ఆమె పడవలోనే ఉంటాడు. "నన్ను ముంచేస్తావా?" అని అడుగుతాడు. పడవ ఒడ్డుకు తగిలాక తల్లి ఎనిమిది చరణాల క్షమ పాడాలి. మూల నాటకంలో ఉన్నవి రెండే మాటలు. తండ్రి వాటిని పెన్సిలుతో పేజీ అంచున రాసుకున్నాడు.

"అక్కా, ఈ ఎనిమిది చరణాలూ నా గొంతు దాటవు," అంది ఫోస్కా. "కొడుకు పోయిన మనిషి ఇంత మాట్లాడుతుందా?"

సంగీత నిర్దేశకుడు ఒప్పుకోలేదు. "అచ్చులో ఉన్నదే అందించు ఎర్సీలియా. పెన్సిలు గీతలకు నేను వాద్యాలు నడపలేను."

మూడో అంకం వచ్చింది. పడవ ఒడ్డుకు తగిలింది, వయొలిన్లు ఎత్తుకున్నాయి. ఫోస్కా కళ్ళు గూట్లోకి దిగాయి. ఆ కళ్ళలో ఒక్క మాటా లేదు. పైన బెంచీలు కిర్రుమన్నాయి. ఈలకు ముందు వచ్చే చప్పుడు అది. అచ్చు మీద ఉన్న ఎర్సీలియా వేలు మెల్లగా అంచుకు, పెన్సిలు మీదికి జరిగింది.

"ఒడ్డొచ్చింది. దిగు."

ఫోస్కా అందుకుంది. ఒకే స్వరం మీద, దాదాపు మాట్లాడినట్టే, ఆ రెండు మాటలూ పాడింది. ఎవరూ పాడని ఎనిమిది చరణాలనూ వయొలిన్లు ఒంటరిగా మోసుకుపోయాయి. తల్లి తెడ్డానించి నిలబడింది. హంతకుడు తల వంచుకుని దిగిపోయాడు.

గ్యాలరీలో సగం మంది పడవవాళ్ళే. ఆ మాటలు వాళ్ళు రోజూ అనేవే. ఎవరూ కదల్లేదు. అంతలో బోసినోటి గొంతు ఒకటి "బిస్" అంది, మళ్ళీ పాడమని. ఆ వెంటనే గ్యాలరీ అంతా అదే మాట, గట్టు తెంచుకున్న వరదలా.

నిర్దేశకుడు నుదురు తుడుచుకుని గూటివైపు వంగాడు. "ఏది అందించావో అదే అందించు."

ఆమె అందించింది. మూడోసారీ అందించవలసి వచ్చింది.

బయటకు వచ్చేసరికి తద్దేయో బుట్ట పక్కన నిలబడి ఉన్నాడు.

"ఆ మాటలు ఆ రోజూ ఉన్నాయా?"

"ఉన్నాయి బాబాయ్. నాన్న అచ్చులో ఉన్నదే అందించాడు, ఆ నాయిక పాడలేకపోయింది."

తద్దేయో టోపీ తీశాడు. మెట్లు దిగుతున్న జనం వైపు తిరిగి, చేపలమ్మే గొంతుతో, వీధి చివరిదాకా వినిపించేలా పిలిచాడు:

"వినండర్రా, ఆయన నిద్రపోలేదు."