తప్పిపోయిన ముప్ఫై నాలుగు సెకన్లు

ఈ లాడ్జి గది కుర్చీకి ఒక కాలు పొట్టిగా ఉన్నట్టుంది, కుడి మలుపుల్లో చక్కగా నాతోపాటు ఒరుగుతుంది, ఎడమ మలుపు వచ్చేసరికి మొండికేస్తుంది, రేపు ట్రాక్ మీద మోటారుసైకిలు కూడా ఇలాగే మొండికేస్తే, లేదులే, బండికి అలాంటి బుద్ధులు లేవు, ఉన్నవన్నీ నావే, కళ్ళు మూసుకో, మళ్ళీ మొదటినుంచి, ట్రాక్ మీద నడపడం నేర్పే మాస్టారు ఫోన్లో చెప్పింది అదే కదా, కొత్త ట్రాక్ ఎక్కేముందు కుర్చీలో కూర్చుని కళ్ళు మూసుకుని ఒక చుట్టు మొత్తం మనసులో నడపండి, పక్కన ఎవరినైనా టైము చూడమనండి, బండి మీద పట్టే టైమూ మనసులో పట్టిన టైమూ ఒకటైతే మీకు దారి వచ్చినట్టు, తేడా వస్తే రానట్టు, ఇంతేనండీ అన్నాడు, చెప్పడానికి ఎంత సుళువో, ఆయన పంపిన వీడియోలో నాలాంటి నిదానం మనిషికి ఈ ట్రాక్ చుట్టి రావడానికి రెండు నిమిషాల ఇరవై సెకన్లు పట్టింది, నాకు పొద్దుటినుంచి నిమిషం నలభై ఆరు, మళ్ళీ నిమిషం నలభై ఆరు, ఒకసారి నలభై ఐదు, ముప్ఫై నాలుగు సెకన్లు రోజూ కళ్ళజోడు పారేసుకున్నట్టు ఎక్కడో పారేసుకుంటున్నాను, మా ఆవిడ కుర్చీ మీద ఛాంపియన్ అని మా ఆయన కిటికీ కిందనుంచి నవ్వుతున్నాడు, నవ్వనీ, పడినా గాజు ట్రాక్ మీద చెదరకుండా బండి అద్దాలు విప్పి లైట్లకు టేపు అంటించమంటే మూడు గంటలుగా అదే పని, అంటించడం, వంకర వచ్చిందని పీకడం, మళ్ళీ అంటించడం, అత్తయ్య మెడలోని స్టాప్‌వాచ్‌ని సున్నాకి తెచ్చి, రెడీయేనా అమ్మాయ్, అంటోంది.

రెడీ, నొక్కండి, తిన్నటి దారి, హెల్మెట్ మీద గాలి, నాలుగో గేరు, పసుపు బోర్డు కనబడగానే బ్రేకు, కుడికి, పొద్దున ఇక్కడే ఒక కుక్క నడిరోడ్డు మీద కాళ్ళు చాపుకుని పడుకుంది, చూసుకునేవాళ్ళు ఎనిమిదిలోపు నడిచి చూసుకోండి అని కాపలాదారు గేటు తీస్తే అత్తయ్యా నేనూ నడిచాం, ఆవిడ అరవై ఎనిమిదేళ్ళ కాళ్ళతో ముందు, నేను వెనక రొప్పుతూ, ఏమ్మా ప్రెస్సులో కూర్చుని కూర్చుని మోకాళ్ళు తుప్పు పట్టాయా అని వెక్కిరింపు ఒకటి, కూర్చోక ఏం చెయ్యను, ఇరవై ఏళ్ళుగా అచ్చుకి వెళ్ళే పుస్తకాల ప్రూఫులు దిద్దేదాన్ని, నిలబడి దిద్దుతానా, సోమవారం వెళ్ళేసరికి బల్ల మీద ఎంత కట్ట ఉంటుందో, సోమవారం సంగతి సోమవారం, ఎడమకి చిన్న మలుపు, మూడో గేరు, మళ్ళీ కుడి, ఎక్కుడు మొదలైంది, ముందు ఆకాశం తప్ప ఏమీ లేదు, గుట్ట నెత్తిన తెల్లరంగు వేసిన డ్రమ్ము, దాని పక్కనుంచి ఎడమకి, కుర్చీ మొండికేసింది, దాటాక పల్లం, బ్రేకు, రెండో గేరు, కుడికి గట్టిగా తిరగాలి, బయటి అంచున కంకర, అటు పోకుండా లోపలే ఉండాలి, ఉన్నాను, తిరిగాను, గేరు పైకి, ఎడమ, కుడి, తిన్నటి దారి, ఆపండి, ఎంత, నిమిషం నలభై ఆరు అంది అత్తయ్య, పిల్లలకి మార్కులు చెప్పినట్టు.

హాయిగానే ఉంది నిజానికి, కిటికీ పరదా ఉబ్బుతోంది, తగ్గుతోంది, మంచం మీద నా తోలు సూటు ఎవరో మనిషి బోర్లా పడుకున్నట్టు పడుకుంది, ఇద్దరికీ చెరో గ్లాసు టీ, ఇంట్లో ఉంటే ఈపాటికి బట్టలు మడతపెడుతూ ఉండేదాన్ని, ఒక మాట చెప్పనా అంది అత్తయ్య, ముప్ఫై ఒక్కేళ్ళు బడిలో ఆటల టీచరుగా పిల్లల్ని పరుగులు పెట్టించిన మనిషి ఆ గొంతు తగ్గించిందంటే ఊరికే కాదు, నువ్వు ఎక్కడో భయపడుతున్నావమ్మా, ఆ చోటు రాగానే మనసు గెంతేస్తోంది, ఎత్తు దూకే కర్ర దగ్గరికి వచ్చి పక్కకి తప్పుకునే పిల్లల్ని ఎంతమందిని చూశాను, వాళ్ళకీ తెలీదు తప్పుకున్నామని, అంది.

టీ చల్లారిపోయింది గ్లాసులోనే, అదే కదా నేనూ అనుకుంటున్నది, పైకి అనలేదు అంతే, పోయిన ఏడాది ఇంకో ట్రాక్ మీద ముందు చక్రం జారి కింద పడ్డాను, భుజం ఎముక విరిగింది, రెండు నెలలు చెయ్యి మెడకి వేలాడింది, ఆ రెండు నెలలూ నా జడ అత్తయ్యే వేసింది, డ్రిల్లు చేయించినట్టు, తల ఎత్తు, నిటారుగా కూర్చో, కదలకు, ఒకరోజు అద్దంలో ఆవిడ మొహం చూస్తూ చెప్పేశాను, ఇంకెవరికీ చెప్పనిది, ఎముక అతుక్కుంటుంది అత్తయ్యా, కానీ భయం లోపలే ఉండిపోతే మాత్రం బండి అమ్మేస్తాను, బెట్టుకి పోయి నడపను, భయపడుతూ నడిపేవాళ్ళు బ్రేకు వెయ్యకూడని చోట వేస్తారు, వెనక వచ్చేవాడు దానికి బలైపోతాడు, సరే అంది ఆవిడ, జడ మాత్రం ఆ రోజు కాస్త గట్టిగా బిగించింది, నలభై ఏళ్ళకి నేర్చుకున్నాను ఈ బండి, నా జీవితంలో ఎవరూ చెయ్యమనకుండా చేసిన పని ఇదొక్కటే, ఇది పోతే నా దగ్గర ఇలాంటిది మళ్ళీ ఇంకోటి లేదు, ఆ ముప్ఫై నాలుగు సెకన్లలో భయమే కూర్చుని ఉంటే రేపు తోలు సూటు తొడగను, మాటంటే మాటే, నా కళ్ళు చెమర్చాయి కాబోలు, అత్తయ్య చూడనట్టు కిటికీ వైపు తిరిగింది.

ఈసారి పైకి చెప్పు, నేను మ్యాపు మీద వేలు పెట్టి నీ వెంట వస్తా అంది, ట్రాక్ వాళ్ళిచ్చిన కాగితం ఒళ్ళో పరుచుకుని, కళ్ళజోడు ముక్కు కొసకి జార్చి, సరే, తిన్నటి దారి అన్నాను, ఊఁ అంది, పసుపు బోర్డు, బ్రేకు, కుడి, ఊఁ, ఎడమ, కుడి, ఎక్కుడు, ఊఁ, తెల్ల డ్రమ్ము, ఎడమకి, పల్లం, ఆగాగు, పల్లం ఎక్కడిది అమ్మాయ్, నా వేలు ఇంకా నాలుగో మలుపు మీదే ఉంది, పల్లం ఎనిమిదో మలుపు దాటాక కదా, అదేంటి అత్తయ్యా డ్రమ్ము దాటగానే పల్లమే, ఏ డ్రమ్ము, తెల్ల డ్రమ్ము, తెల్ల డ్రమ్ములు రెండున్నాయి కదే పిచ్చిదానా, ఈ గుట్ట మీద ఒకటీ ఆ గుట్ట మీద ఒకటీ, కళ్ళు తెరిచాను, కాగితం చూశాను, నాలుగో మలుపూ ఎడమే ఎనిమిదో మలుపూ ఎడమే, రెండూ గుట్ట నెత్తినే, రెండిటి పక్కనా డ్రమ్మే, మధ్యలో ఐదు, ఆరు, ఏడు, మూడు మలుపులు మూడూ మాయం, నవ్వొచ్చేసింది నాకు, ఇది నాకు తెలిసిన జబ్బే, రోజూ ఎర్రకలంతో పట్టుకునే జబ్బే, ఒకే మాట రెండు లైన్లలో ఉంటే కన్ను పై లైనులోంచి కింది లైనులోకి దూకేస్తుంది, మధ్యలోది గల్లంతు, దూకినట్టు కూడా తెలియదు, చదువుతున్నట్టే ఉంటుంది, మొన్ననే ఇంటిపనుల పుస్తకం ఒకటి, పిల్లిని బుట్టలో పడుకోబెట్టాలి అని ఒక లైను, ఆరిన బట్టలు బుట్టలో వేసి ఇస్త్రీకి పంపాలి అని దాని కింద ఎక్కడో ఇంకో లైను, టైపు చేసినవాడి కన్ను బుట్ట నుంచి బుట్టకి దూకింది, పిల్లిని బుట్టలో వేసి ఇస్త్రీకి పంపాలి అని వచ్చింది ప్రూఫు, నేను పట్టుకోకపోతే అచ్చయిపోయేది, అత్తయ్యకి చెబితే స్టాప్‌వాచ్ ఎగిరేలా నవ్వింది, మరి ఆ మూడు మలుపులూ పొద్దున నా కళ్ళతో చూశాను కదా, ఎందుకు నిలవలేదు అంటే, అక్కడే కదూ అత్తయ్య మా ఆయన చిన్నప్పుడు స్టాండు వేసి ఉన్న సైకిలు మీదనుంచి పడ్డ కథ చెప్పింది, నేను రోడ్డు చూడకుండా ఆవిడ చేతులు చూస్తూ నడిచాను, కబుర్లు చెబుతూ ప్రూఫు చదవకూడదని మా ప్రెస్సులో చేరినరోజే చెబుతారు.

కాగితం లాక్కుని మూడింటినీ చూపుడువేలితో పదిసార్లు దిద్దాను, షెడ్డు గోడ వెంట పొడుగాటి కుడి, పాత టైర్లు పేర్చిన చోట ఎడమ, విరిగిన కంచె దగ్గర మళ్ళీ కుడి, అప్పుడు రెండో గుట్ట, అప్పుడు రెండో డ్రమ్ము, నొక్కండి అత్తయ్యా, కళ్ళు మూసుకున్నాను, ఈసారి నోరు మెదపలేదు, దారి దానంతటదే వచ్చింది, షెడ్డు గోడ ఎంతకీ అయిపోదు, ఎంత బాగుందో ఆ పొడుగు మలుపు, ఇన్నాళ్ళూ ఇది లేకుండా ఎలా నడిపాను, ఇన్నాళ్ళేమిటి పొద్దుటినుంచే కదా, గుట్ట, డ్రమ్ము, పల్లం, కుడి, కంకర, లోపల, ఎడమ, కుడి, తిన్నటి దారి, ఆపండి, కళ్ళు తెరిస్తే అత్తయ్య స్టాప్‌వాచ్‌ని రెండు చేతుల్తో పట్టుకుని ఉంది, రెండు నిమిషాల పంతొమ్మిది అంది, అని గట్టిగా ఊపిరి వదిలింది.

అయితే ఆ పల్లంలో మలుపు దగ్గర నీకేమీ అవ్వలేదా అంది, ఏం అవ్వాలి, అదేనే, దిగుతూ కుడికి తిరిగేది, కంకర ఉన్నది, పోయిన ఏడాది నువ్వు పడ్డది అచ్చం అలాంటి దాన్లోనే కదా, పొద్దున అది చూడగానే చెప్పులో రాయి పడిందని అబద్ధమాడి కూర్చుండిపోయాను, నువ్వు గెంతేస్తున్నది దాన్నే అనుకుంటున్నాను ఇందాకట్నుంచీ అంది, నిజమే, అదే దిగుడు, అదే కుడి, అదే కంకర, నేనెప్పుడూ దాన్ని దాటెయ్యలేదు, మూడు మలుపులు ఎగిరిపోయిన ప్రతి చుట్టులోనూ అది మాత్రం ఉంది, పొద్దుటినుంచి ఎనిమిదిసార్లు దిగాను, ఎనిమిదిసార్లు తిరిగాను, ఒక్కసారి కూడా భుజం గుర్తుకురాలేదు, నా లోపల ఎక్కడ దాక్కుందా అని ఇంతసేపూ వెతికిన భయం నా దగ్గర లేనే లేదు, గడియారం పట్టుకున్న ఈ రెండు చేతుల్లో ఉంది, ఆ భయాన్ని పట్టుకునే ఆవిడ గడియారం సున్నాకి తిప్పింది, రెడీయేనా అంది, ఆ మలుపు వచ్చే ప్రతిసారీ నన్ను అందులోంచి ఒంటరిగా పంపించి ఇక్కడ ఊపిరి బిగబట్టుకుని కూర్చుంది, పోయిన ఏడాది పడింది నేను, లేచానో లేదో అని ఏడాదిగా వెతుక్కున్నదీ నేనే, అత్తయ్య ఇంకా లేవలేదన్న సంగతి మాత్రం నాకు ఇప్పుడే తెలిసింది.