కుమాసీ సామాను తూచిన కాటా

నేను ఒక వేలాడే కాటాని. పైన రింగు, కింద కొక్కెం, మధ్యలో గడియారంలాంటి గుండ్రటి ముఖం, ఆ ముఖం మీద ఒకే ఒక్క ముల్లు. లోపల ఒక స్ప్రింగు, దానికి తోడు బోలెడు కోపం. స్ప్రింగు పెట్టింది కంపెనీవాళ్లు. కోపం పెట్టింది మనుషులు.

ఎందుకు రాదు చెప్పండి? గడియారం ఆలస్యమైందని చూపిస్తే మనిషి పరుగెత్తుతాడు. నేను బరువెక్కువైందని చూపిస్తే మాత్రం, "ఈ కాటా పాడైపోయిందిరా" అంటాడు.

ఎక్కడో ఉత్తరాదిలో ఓ రేకుల షెడ్డులో పుట్టి, పలాస సంతలో చింతపండు అమ్మే ఆసామి చేతికి వచ్చాను. ఆయన చింతపండుతోపాటు తన చిటికెనవేలు కూడా తూచి అమ్మేవాడు. తర్వాత పాతపేపర్లు కొనేవాడి సైకిలెక్కాను. అమ్మేవాడి దగ్గర ఎక్కువ చూపించినదాన్ని కొనేవాడి దగ్గర తక్కువ చూపించాలి కదా, అందుకని వీడు నా స్ప్రింగుకి ఓ తీగముక్క చుట్టాడు. ఆ సిగ్గుమాలిన తీగతోనే కాశీబుగ్గలో దమయంతి గుమ్మం ముందుకొచ్చాను.

దమయంతి బీఎస్సీ చదివి, ప్రాక్టికల్సు వంటింట్లో చేసుకుంటున్న మనిషి. నా కొక్కేనికి పేపర్ల కట్ట తగిలించినప్పుడు నా ముల్లుని ఓసారి చూసింది. లోపలికి వెళ్లి, సీలు విప్పని ఐదు కిలోల పంచదార సంచి తెచ్చి, చాలా మర్యాదగా తగిలించింది. నేను నాలుగు చూపించాను.

"పాపం, మీ కాటాని చూసి భయపడినట్టుంది మా పంచదార. చిక్కిపోయింది" అంది.

వాడు పేపర్లనీ నన్నూ అక్కడే వదిలేసి సైకిలెక్కాడు. ఆవిడ తలలోంచి హెయిర్‌పిన్ను తీసి, నా లోపలి తీగని పీకి పారేసింది. అప్పట్నించీ ఉన్నదున్నట్టు చూపిస్తున్నాను. ఆ ఇంట్లో నా గొడవలన్నీ కూడా అప్పట్నించే.

అసలు సంగతికి వస్తాను. దమయంతి చెల్లెలు ఇందుమతి ఘానాలో ఉంటుంది. ఆఫ్రికాకి పడమటి వైపు సముద్రం ఒడ్డున ఉన్న దేశం అది. మా ఊరివాళ్లకి అదేం వింత పేరు కాదు, ఇక్కడ ఫ్యాక్టరీల్లో కొట్టే జీడిపిక్కలు కొన్ని అక్కణ్నించే ఓడల్లో వస్తాయి. ఇందుమతి మొగుడు కుమాసీ అనే ఊళ్లో ఉండి, ఇక్కడి షావుకారు తరఫున పిక్కలు కొంటాడు. దమయంతి మొగుడు ధర్మారావు అదే షావుకారు ఫ్యాక్టరీలో మేనేజరు. ఇందుమతికి తొలికాన్పు. తల్లి పోయింది. కాన్పుకి తల్లి స్థానంలో నిలబడాల్సింది అక్కే.

ఆషాఢంలో ఫోనులో అడిగింది దమయంతి, టిక్కెట్టు ఎప్పటికి తీసుకోమంటావని.

"ఇప్పుడొద్దక్కా. ఇక్కడ ఒకటే వానలు. రోడ్డంతా ఎర్రమట్టి బురద. వానలయ్యాక రా, కార్తీకంలో. డాక్టరమ్మ కూడా అప్పటికే అంటోంది. నీకు అరటికాయ వేపుడు చేసిపెడతాను, ఇక్కడ కాయలు మోచెయ్యంత ఉంటాయి."

"నువ్వు నాకు చేసిపెడతావేఁవిటే? ఇంక నేను రావడం దేనికి, తిని పడుకోడానికా?"

"తిను, పడుకో, ఏఁవైనా చెయ్యి. నొప్పులొచ్చేసరికి మాత్రం ఇక్కడుండాలి." ఈ మాట ఇందుమతి నవ్వకుండా అంది. "అక్కా, అమ్మ చీరలు ఉన్నాయా?" అని అడిగింది.

"ఉన్నాయే."

"తీసుకురా."

అంతే. అప్పుడే పుట్టిన బిడ్డ ఒంటికి కొత్తబట్ట గుచ్చుకుంటుంది. పాత నేతచీర చింపి పొత్తిళ్లు చేస్తారు. అమ్మమ్మ చీరైతే మరీ మంచిది. ఆవిడ ఉంటే ఆవిడే ఎత్తుకునేది, లేదు కాబట్టి చీర ఎత్తుకుంటుంది.

అక్కడ వానలు తగ్గేదాకా ఇక్కడ పనులు సాగాయి. పాస్‌పోర్టు, వీసా. దమయంతి విశాఖ వెళ్లి ఎల్లో ఫీవర్ ఇంజక్షన్ వేయించుకుని, వాచిన చెయ్యితోనే వచ్చి శొంఠి దంచింది. వాము వేయించింది. బాలింతకి పెట్టే కాయం బెల్లం పాకంలో కలియబెట్టి సీసాకెత్తింది. ధర్మారావు పని ఒక్కటే. పొద్దున్నే కాఫీ తాగుతూ ఫోను చూసి, "కుమాసీలో ఇవాళ కూడా వానే" అని, ఆ వాన తనే కురిపిస్తున్నట్టు చెప్పడం.

దీపావళి వెళ్లాక నన్ను వసారా గ్రిల్లుకి కట్టి బ్యాగు తగిలించారు. విమానంవాళ్లు ఇరవైమూడు కిలోలు దాటనివ్వరు. అడుగున తల్లి చీరలు ఆరు, ఉతికి ఉతికి రంగులు మర్చిపోయినవి, ఒక కవర్లో చుట్టి పెట్టింది. పైన పొడులు, సీసాలు, తన బట్టలు. నేను ఇరవై ఒకటి చూపించాను.

"ఇంకా రెండు కిలోల జాగా ఉందండోయ్" అంది దమయంతి సంబరంగా.

చదువుకున్న మనిషి చేసిన ఒకే ఒక్క పొరపాటు అది. వసారాలో నిలబడి, వీధికి వినబడేలా అంది.

సాయంత్రానికి వీధి మొత్తం పొట్లాలతో మా ఇంట్లోనే ఉంది. ఘానాలో తమ్ముడున్నాడని ఒకరు, బావమరిది స్నేహితుడున్నాడని ఒకరు. ఇందుమతి అత్తగారు సోంపేట నుంచి ఇడ్లీ పాత్ర పంపింది, ఘానాలో ఇడ్లీ పాత్రలు నిషేధమైనట్టు. వీటన్నిటికీ నాయకురాలు షావుకారు భార్య రాజ్యలక్ష్మమ్మ. కారులో వచ్చింది.

"అమ్మాయ్ దమయంతీ, చిన్న పొట్లమే. అక్కడ మనవాళ్లకి కారం జీడిపప్పు. నీకు బరువేం ఉండదు."

ఎవరికి ఉండదు? తగిలించేది నాకు! అయినా ఆ దేశం చెట్టున కాసిన పిక్క సముద్రాలు దాటి ఇక్కడికొచ్చి, పగిలి, వేగి, కారం పూసుకుని, మళ్లీ ఆ దేశానికే ప్రయాణమట. పొట్లం మూడు కిలోలు. చిన్నదన్నమాట.

ధర్మారావు బ్యాగు తగిలించి, కిందనుంచి మెల్లగా మోకాలు ఆనించాడు. "చూశావా, సరిపోయింది."

"మీ మోకాలు కూడా విమానం ఎక్కుతోందాండీ?"

"ఏదో ఒకటి తియ్యాలి మరి. షావుకారు గారింటి పొట్లం తియ్యగలమా?"

తియ్యలేరు. దమయంతి తన చీరలు రెండు తీసింది. మర్నాడు ఇంకో పొట్లం వస్తే ఇంకో రెండు తీసింది. వాళ్ల వస్తువుకి జాగా కావాలంటే ఆవిడ వస్తువే బయటికి రావాలి, అదీ లెక్క. ప్రతిసారీ తిట్లు మాత్రం నాకు. నా ముఖం మీద టకటకా కొట్టి, "ముసలిదైపోయింది, ఎక్కువ చూపిస్తోంది" అన్నవాళ్లు ఎంతమందో. ఆవిడ ఒక్కమాట అనలేదు. ఆవిడ అననివన్నీ నా స్ప్రింగులో చుట్టుకున్నాయి.

ప్రయాణానికి ముందురోజు మధ్యాహ్నం, మలేరియా మాత్రల కోసం దమయంతి మందులషాపుకి వెళ్లింది. ఆవిడ సందు తిరగడమేమిటి, రాజ్యలక్ష్మమ్మగారి డ్రైవరు ఆవకాయ జాడీతో దిగాడు. ధర్మారావు దాన్ని బ్యాగులో కుక్కి నాకు తగిలించాడు. ఇరవైమూడు దాటేశాను. ముల్లు కోపంతో వణికింది కూడా. బ్యాగు విప్పి అడుగునుంచి కెలికాడు. కవరు దొరికింది. సరిగ్గా అప్పుడే వీధిలో కేక: "పాత బట్టలకి స్టీలు సామాన్లమ్మా!"

ఆయన ముఖం వెలిగిపోయింది. నేను కొక్కెం ఊపాను. గాలి అనుకున్నాడు.

దమయంతి వచ్చేసరికి ఎదురెళ్లి మరీ చెప్పాడు. "బ్యాగు సరిపోయింది. పైగా బేసిను కూడా వచ్చింది!"

"దేనికొచ్చింది?"

"ఆ అడుగునున్న పాతగుడ్డలకి. చిరుగులున్నా కాదనలేదు, మంచి బేరం."

ఆవిడ ఆ బేసిన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇందులో ఏం పెట్టాలని మీ ఉద్దేశం? మా చెల్లెలి బిడ్డనా?"

"అంటే... అవి..."

"మా అమ్మవి."

నాకు తగిలించిన బ్యాగుని లాగి కింద పడేసింది. ఆ ఊపులో నేను కూడా గ్రిల్లునుంచి ఊడి చేతికొచ్చాను. ఒక చేతిలో బేసిను, ఒక చేతిలో నేను. అలా వీధిలోకి దిగింది. సైకిళ్లు పక్కకి తప్పుకున్నాయి. నా జీవితంలో నాకు దక్కిన గౌరవం అదొక్కటే.

ఆ బేసిను ఇచ్చిన స్టీలు సామాన్ల తవిటమ్మ జీడిపిక్కల గోడౌను నీడలో గంప దించుకుని కూర్చుంది.

"నా చీరలు ఇచ్చెయ్యి. ఇదిగో నీ బేసిను."

"అయ్యగారే ఇచ్చీసినారు గదా తల్లీ. నానేటి దొంగతనం సేసినానేటి? అయినా అవి అమ్మీవి కావు. మా కోడలికి నెలలు నిండినాయి. ఇంత మెత్తని నేతగుడ్డ ఇప్పుడు ఎక్కడ దొరుకుద్ది? ఇవ్వను."

వీధంతా మోసుకొచ్చిన కోపానికి దించుకోడానికి చోటు దొరకలేదు. దమయంతి రోడ్డు పక్కనే చతికిలబడింది.

"నా చెల్లెలిక్కూడా కాన్పే. అవి మా అమ్మ కట్టుకున్నవి."

"ముసలమ్మ ఉందా?"

"లేదు."

తవిటమ్మ మూట విప్పి ఆరూ ఆవిడ ఒళ్లో పెట్టింది. దమయంతి నాలుగు తీసుకుని రెండు వెనక్కిచ్చింది.

"సాలు తల్లీ. ఒకటి తడిస్తే ఒకటి."

"బేసిను కూడా ఉంచు. నీళ్లు పొయ్యడానికి పనికొస్తుంది."

ఇంటికొచ్చి, నన్ను మళ్లీ గ్రిల్లుకి కట్టి, బ్యాగు బోర్లించింది. జాడీ, పొట్లాలు, ఇడ్లీ పాత్ర వసారాలో వరసగా పేర్చింది. చీరలు అడుగున పెట్టింది, తర్వాత శొంఠి, వాము, కాయం, ఆఖర్న తన బట్టలు.

"షావుకారు గారేమంటారు?" అన్నాడు ధర్మారావు సన్నగా.

"వాళ్ల పిక్కలు ఓడలో వచ్చాయిగా. పప్పు కూడా ఓడలోనే పంపుకోమనండి."

"నా ముఖం ఎక్కడ పెట్టుకోను?"

"నాకు తెలీదు. బ్యాగులో మాత్రం జాగా లేదు."

మర్నాడు దమయంతి ప్రయాణమై వెళ్లింది. ఎవరి పొట్లం వాళ్లకి, గుమ్మం గుమ్మం ఎక్కి ఆయనే తిరిగిచ్చాడు. ఆవకాయ జాడీతో షావుకారింటికి వెళ్లి వచ్చిన రోజు అన్నం తినలేదు. నాకేం జాలి వెయ్యలేదు.

తర్వాత ఒకరోజు రాజ్యలక్ష్మమ్మే వచ్చింది, ఇందుమతికి ఆడపిల్లట గదా అంటూ. ధర్మారావు వసారాలో, సరిగ్గా నా కిందే నిలబడి ఫోను తీసి ఫోటో చూపించాడు. కుమాసీలో ఏదో ఆసుపత్రి. ఆ ఫోటోలో బిడ్డ కంటే ముందు నాకు బిడ్డ పైనున్నవాడు కనిపించాడు. దూలానికి వేలాడుతున్నాడు. గుండ్రటి ముఖం, ఒకటే ముల్లు, నా జాతే. వాడి కొక్కేనికి వెలిసిపోయిన నేతచీర ఉయ్యాలలా కట్టి ఉంది. చీరలోంచి ఎర్రటి పాదం ఒకటి బయటికొచ్చింది. దమయంతి, ఇందుమతి, నర్సమ్మ ముగ్గురూ తలలెత్తి వాడి ముఖంలోకే చూస్తున్నారు, ఆ ముల్లు ఇంకాస్త ముందుకు పోవాలని.

ఇంకాస్త బరువుండాలని కాటాని బతిమాలే మనుషులు కూడా ఉంటారని నాకు అంతవరకూ తెలీదు.

"ఎంత ముద్దుగా ఉందో" అంది రాజ్యలక్ష్మమ్మ.

నా కోపం ఇంకా పోలేదు. ఇప్పుడు దానికి తోడు కుమాసీలో వేలాడే వాణ్ని తలుచుకుంటే కుళ్లు కూడా.