మెడపట్టీలో తలకాయ

మా తమ్ముడు ఓబుళేశు కూతురు యామినికి స్వెటరు అల్లడం నేర్పింది నేనే. అందుకు నన్నెవరూ మెచ్చుకోనక్కర్లేదు. జరిగింది విన్నాక మీకూ మెచ్చుకోబుద్ధి కాదు.

తుమ్మలపల్లె గనిలో పనిచేసే శ్రీకాంత్ అనే పిల్లోడు రాయచోటికి వచ్చి మా పిల్లను చూసిపోయాడు. ఆ పొద్దు నుంచి యామిని కాళ్ళు నేల మీద ఆనితే ఒట్టు. చేసుకుంటే ఆ పిల్లోన్నే చేసుకుంటానని ఇంట్లో తెగేసి చెప్పింది. "పొద్దున అయిదింటికే షిఫ్టు బస్సెక్కుతాడంట అత్తా, చలికి వణుకుతాంటాడు" అంటూ ఊలు కొనుక్కొచ్చింది. కానీ అటు పక్క సంబంధం తేల్చాల్సింది ఆ పిల్లోడి జేజి. పిల్లను తన కళ్ళతో చూడందే ఆ నాయనమ్మ మాట ఇవ్వదట.

ఈ రకం స్వెటరు మెడ దగ్గర మొదలై కిందికి దిగుతుంది. ముందు సూది మీదికి కుట్లు ఎక్కించుకోవాలి. తర్వాత ఒక కుట్టు సీదా, ఒక కుట్టు ఉల్టా అల్లుకుంటూ పోతే గీతలు గీతలుగా, లాగితే సాగే మెడపట్టీ వస్తుంది. యామిని రెండు సూదులు జంటగా పట్టుకుని, వాటి మీద వదులు వదులుగా కుట్లు ఎక్కించింది. చూసి నాకు ఒళ్ళు మండింది. నలభై ఏళ్ళుగా పూలు కట్టిన చెయ్యి నాది. నేను కట్టిన మాలను ఎద్దు లాగినా ఒక్క మల్లెపువ్వు రాలదు. పిల్ల స్నానానికి పోయిన సందు చూసి అదంతా విప్పేసి, ఒంటి సూది మీద బిర్రుగా ఎక్కించి పెట్టాను. అంచు గీత గీసినట్టు వచ్చింది. యామిని చూసి ఏదో అనబోయింది. నేను కళ్ళెర్రజేస్తే నోరు మూసుకుని అక్కడి నుంచే అల్లుకుంది.

శివరాత్రికి చలి శివశివా అంటూ పోయింది. స్వెటరు ఆ తర్వాతి ఆదివారానికి పూర్తయింది. ఆ రోజే శ్రీకాంత్ జేజిని వెంటబెట్టుకుని వచ్చాడు.

జేజి కుర్చీలో కూర్చుంది. మాట తేలేదాకా వద్దని మంచినీళ్ళ చెంబు కూడా ముట్టలేదు. యామిని స్వెటరు తెచ్చి చేతికిస్తే, ఫ్యాను కింద చెమటలు కారుతున్నా ఆ పిల్లోడు చొక్కా మీదనే తొడుక్కోబోయాడు. చేతులు దూరాయి. తల సగం దూరి ఆగింది. నడినెత్తి బయట, ముఖం లోపల. పైకి లాగితే చెవులు మడతపడుతున్నాయి, కిందికి లాగితే ముక్కు అడ్డం.

"ఊపిరాడతాండాదా నాయనా?" అని అడిగింది జేజి.

"ఆడతాండాది జేజీ. శానా వెచ్చగా ఉండాది."

ఓబుళేశు కత్తెర కోసం లేచాడు.

"కూచోప్పా" అంది జేజి. "సంబంధం మాట్లాడే ఇంట్లో కత్తెర తీస్తారా? పిల్ల ఇచ్చిన దారం తెంపుతారా?"

"కత్తెర వద్దు" అని స్వెటరు లోపలి నుంచి కూడా వినిపించింది.

అంతే, యామినికి నవ్వు ఆగలేదు. అది విని లోపల ఆ పిల్లోడు నవ్వాడు. ముఖం లేని స్వెటరు అట్లా కుదుపులు కుదుపులుగా ఊగుతుంటే ఓబుళేశు గోడకు తిరిగి నవ్వుకున్నాడు. నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను. జేజి ఒక్కతే నవ్వలేదు.

"ఈ అంచు ఎక్కించింది ఎవరు?" అంది జేజి.

యామిని నవ్వు ఆగిపోయింది. నా వైపు చూడను కూడా చూడలేదు. "నేనే జేజీ" అంది తల వంచుకుని.

"ఇంత బిర్రు చెయ్యి అయితే సంసారం ఎట్లా చేస్తావమ్మా?"

పిల్ల కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఊరందరి మీదా లేచే నా నోరు ఆ ఒక్క తప్పు ఒప్పుకోవడానికి ఎంత బరువైందో చెప్పలేను. సిగ్గుతో చచ్చిపోయాను.

"పిల్ల కాదమ్మా, నేను" అన్నాను చివరికి. "అది వదులుగా ఎక్కిస్తే నేనే విప్పేసి బిగించినా. మిగతాదంతా దాని చెయ్యే."

జేజి నన్ను ఎగాదిగా చూసింది. శెనక్కాయల నూనె తెమ్మంది. గాజులాయన చెయ్యి నొక్కినట్టు మనవడి చెవులు ఒక్కోటీ నొక్కి, నూనె రాసి, పట్టీని మెల్లగా పైకి జరిపింది. తల బయటపడింది. ముఖం టమాటా పండు. ఆ పిల్లోడు ముందు చూసింది యామిని వైపే.

"నువ్వెట్లా ఎక్కించినావో చూపీ" అంది జేజి.

యామిని మళ్ళీ రెండు సూదులు జంట చేసింది. కుట్లన్నీ ఎక్కించి ఒక సూది లాగేసి, సీదా ఉల్టా అంటూ రెండు వేళ్ళ వెడల్పు అల్లింది. మధ్యమధ్య ఆ పిల్లోడి జిడ్డు తల చూసి నవ్వు, నవ్వినప్పుడల్లా ఒక కుట్టు జారడం. జేజి సూది తీసేసి ఆ ముక్కను రెండు చేతులతో సాగదీసింది. సాగింది. వదిలింది. మళ్ళీ దగ్గరికొచ్చి ముడుచుకుంది.

జేజి చెంబెత్తి నీళ్ళు తాగింది.

"వీని తలకాయ కొలత తీసుకోమ్మా. వచ్చే చలికి మా ఇంట్లో కూచోని అల్లుదువు గాని" అంది.

యామిని ఊలు పోగు ఆ పిల్లోడి నెత్తి చుట్టూ చుట్టింది. నూనెకు జారింది. మళ్ళీ చుట్టింది, మళ్ళీ జారింది. ఇద్దరూ ఒకటే నవ్వు. నాలుగోసారికి జేజి కూడా నవ్వేసింది. ఆ కొత్త స్వెటరుకు అంచు ఎక్కించమని మాత్రం నన్నెవరూ అడగలేదు.