మీరెవరి తాలూకు?

మా అమ్మ సుగియేకు డెబ్బై ఆరేళ్లు. కన్నతల్లి కాదు. జపాన్‌లో అసానో నది ఒడ్డున, ఆటపాటలతో అతిథులను అలరించే ఈ గెయిషాల వీధిలో ఇంటి యజమానురాలిని అందరం అమ్మ అనే పిలుస్తాం. కొత్తవాళ్లెవరు తలుపు తట్టినా ఆవిడ అడిగేది ఒకటే: "మీరెవరి తాలూకు?" పాత అతిథి వెంటబెట్టుకొస్తేనే లోపలికి రానిస్తుంది. వచ్చినవాడి మర్యాదకు తెచ్చినవాడే పూచీ.

పద్ధతి మంచిదే. కాని పాత అతిథులు ఒక్కొక్కరే మంచం పడుతున్నారు. వీధిలో సగం ఇళ్లు ఐస్‌క్రీమ్ కొట్లయ్యాయి. బయట అద్దె కిమోనోల్లో అమ్మాయిలు ఫొటోలు దిగుతుంటే, అసలు గెయిషాలం నేనూ చెల్లి మిత్సుహా ఖాళీ గదిలో శామిసెన్ తీగలు శ్రుతి చేసుకుంటూ కూర్చునేవాళ్లం. ఇలాగే సాగితే వసంతానికి ఇల్లు మూసుకోవాలి. కొత్తవాళ్లను రానిద్దామంటే అమ్మ ససేమిరా అనేది.

ఎదురింట్లో కుసానో అనే కుర్రాడు చిన్న భోజనశాల పెట్టాడు. పొద్దుగూకేసరికి బాతుమాంసం పులుసు వాసన మా ఇంట్లోకి వచ్చేది. అమ్మ రోజూ తిట్టేది, రోజూ కిటికీ తీసేది. చివరికి ఒకనాడు మంచి పట్టు కిమోనో కట్టి, నన్ను తోడు తీసుకొని వీధి దాటింది.

కుసానో గుమ్మంలోనే నడుం వంచి నమస్కరించాడు. "ఏమనుకోకండమ్మా. మీరెవరి తాలూకు?"

తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడు మరి. నేను విసనకర్ర అడ్డం పెట్టుకుని నవ్వాపుకున్నాను. ఈ వీధిలో పిల్లులకు కూడా తను తెలుసని అమ్మ అంది. పిల్లులు పూచీ పడవు కదా అన్నాడతను. వీధికి కొత్తగా వచ్చినప్పుడు పలకరిద్దామని మా ఇంటికొస్తే అమ్మ ఇదే ప్రశ్న వేసి పంపేసిందట. ఆ పద్ధతి నచ్చి తనూ పెట్టుకున్నాడట.

ఆ పూట అమ్మ అన్నం ముట్టలేదు. నాకు జాలేసింది. మర్నాడు పూచీ పడేవాళ్ల కోసం వీధంతా వాకబు చేస్తే చాపలు అల్లే ఒరిహాషి ఒక్కడే దొరికాడు. అతను రోజూ కుసానో దగ్గరే భోంచేస్తాడు. మా గదుల్లో చాపలన్నీ అతను అల్లినవే. అయినా ఏనాడూ అతిథిగా లోపల కూర్చోలేదు, ఎవరూ రమ్మనలేదు.

"మంచి మనిషేనయ్యా, గొడవ చెయ్యదు. పూచీ నాది," అని అతను కుసానోకు చెబుతుంటే అమ్మ బడిపిల్లలా తలవంచుకు నిలబడింది.

పులుసు మాత్రం మారు వడ్డించుకొని తింది. లేచేముందు వాళ్లిద్దరినీ మర్నాడు సాయంత్రం మా ఇంటికి రమ్మంది. తమను తీసుకొచ్చేదెవరని ఒరిహాషి బెరుగ్గా అడిగాడు.

"నేనే. మీరు నా తాలూకు," అంది అమ్మ.

మర్నాడు ఒరిహాషి తన చాపల మీదే కాళ్లెలా పెట్టుకోవాలో తెలియక తంటాలు పడ్డాడు. నేను శామిసెన్ వాయించాను, మిత్సుహా ఆడింది. వెళ్తూ వెళ్తూ కుసానో, తన దగ్గరికొచ్చేవాళ్లను కూడా తీసుకురావచ్చా అని అడిగాడు.

"తీసుకురా అబ్బాయ్. పూచీ మాత్రం నీదే," అంది అమ్మ.

ఆ మాట కోసం ఎన్నాళ్లు కాచుకున్నామో. నేనూ మిత్సుహా వంటింట్లోకి పోయి కడుపుబ్బ నవ్వుకున్నాం, కాస్త ఏడ్చాం కూడా.